ఆర్డిస్ పళ్ళు ఏరే చోటు

ఆ మంగళవారం ఉదయం ఆర్డిస్ హాల్వర్సన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, కొండెక్కి బకెట్టెడు హకిల్‌బెర్రీ పళ్ళు ఏరుకోవడం, మధ్యాహ్న భోజనం వేళకు ఇల్లు చేరి జామ్ పొయ్యి మీద పెట్టడం. శనివారం టామరాక్ ఊళ్ళో హకిల్‌బెర్రీ తిరునాళ్ళు, తిరునాళ్ళలో జామ్ పోటీ. పోయిన ఏడు ఆ పోటీలో మొదటి బహుమతి నీలి రిబ్బను నేస్తం డెలోరిస్ తన్నుకుపోయింది. ఈ ఏడైనా దాన్ని తిరిగి తెచ్చుకోకపోతే ఆర్డిస్‌కు చలికాలం గడవదు. మోంటానాలో చలికాలం మరీ పొడుగు.

"ఎక్కడికి?" అన్నాడు మొగుడు మెర్ల్, పళ్ళెంలో వేయించిన గుడ్ల మీంచి తలెత్తకుండా.

"బీవర్ వాగు దగ్గరికి" అంది ఆర్డిస్.

"జాగ్రత్త" అన్నాడు మెర్ల్.

ఆమె బీవర్ వాగు వైపు పోవడం లేదని మెర్ల్‌కు తెలుసు. అతనికి తెలుసని ఆమెకూ తెలుసు. టామరాక్‌లో పళ్ళు ఏరే చోటు గురించి నిజం చెప్పిన మనిషి ఇంకా పుట్టలేదు. ఈ హకిల్‌బెర్రీలు పెరట్లో వేస్తే బతకవు, తోటలో వేస్తే కాయవు. జాతీయ అడవిలో, కొండ మీద, వాటికి బుద్ధి పుట్టిన చోట మాత్రమే కాస్తాయి. అందుకని మంచి పొదలున్న చోటును జనం తాతల ఆస్తిలా దాచుకుంటారు. మొగుడు తాగొచ్చి ఏమన్నాడో చెప్తారు, ఆపరేషన్ మచ్చ అడక్కుండానే చూపిస్తారు, పళ్ళ చోటు మాత్రం చెప్పరు. చర్చి పాస్టర్ ఓర్విల్ అంతటివాడు కూడా ఆగస్టు నెలలో అబద్ధమాడరాదన్న ఆజ్ఞ మీద ప్రసంగం పెట్టుకోడు.

ఆర్డిస్ చోటు కాలిన గట్టు. ఎప్పుడో ఆమె పుట్టకముందు పిడుగు పడి కాలిన కొండవాలు అది. చెట్లు పోయాయి, ఎండ పడింది, పొదలు నడుమెత్తు లేచాయి. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు తల్లి చెయ్యి పట్టుకుని తీసుకుపోయి చూపించి, ఒట్టు వేయించుకుంది. కట్టుకున్నవాడికి కూడా చెప్పకు, మగవాళ్ళు చేపల గాలం దగ్గర కూర్చుంటే నోట్లో నువ్వుగింజ నానదు అని మరీ మరీ చెప్పింది. ఆ తల్లి పోయి చాలా ఏళ్ళయింది. ఇల్లు అన్న అమ్ముకున్నాడు, పింగాణీ సామాను వదిన పట్టుకుపోయింది. అమ్మది అని ఆర్డిస్‌కు మిగిలింది ఆ గట్టే. అక్కడ పళ్ళు ఏరుతుంటే ఆమెకు ఇప్పటికీ పక్కన ఎవరో ఉన్నట్టు, ఏరిన దాంట్లో ఆకులు ఎక్కువయ్యాయని తిడుతున్నట్టు హాయిగా ఉంటుంది.

చిక్కంతా డెలోరిస్‌తో వచ్చింది. బడిలో డెలోరిస్ వంట చేసింది, బడి బస్సు ఆర్డిస్ నడిపింది, ఇద్దరూ కలిసే పని మానేశారు. ఒకరింటి తాళంచెవి ఒకరి దగ్గర ఉండేంత స్నేహం. కానీ పోయిన వారం ఆర్డిస్ ట్రక్కు కొండదారి పట్టగానే వెనకాల డెలోరిస్ తెల్లకారు కనిపించింది. ఆర్డిస్ ఆపితే ఆగింది, తిరిగితే తిరిగింది. ఆ రోజు ఆర్డిస్ పళ్ళ మాట మరిచిపోయి, అక్కర్లేని పెట్రోలు పోయించుకుని ఇంటికొచ్చింది.

అందుకే ఈసారి కాస్త బుర్ర పెట్టింది. ట్రక్కును గట్టుకు అవతలి పక్క, మేకల సరస్సుకు పోయే కాలిబాట మొదట్లో, వచ్చేపోయేవాళ్ళకు కనబడేలా నిలిపింది. తలకు కట్టుకున్న ఎర్రగుడ్డ విప్పి, పొరపాటున తగులుకున్నట్టు బాట పక్క కొమ్మకు తగిలించింది. ఇంట్లో ఫ్రీజర్‌లో మిగిలిన నిరుటి పళ్ళు తెచ్చి సరస్సు వైపు దారి పొడుగునా జారిపడ్డట్టు చల్లింది. చివరికి పాత రేకు బకెట్టులో ఇంకాసిని పోసి, పడిపోయిన మాను మీద మర్చిపోయినట్టు వదిలేసింది. డెలోరిస్ వస్తే ఈ జాడ పట్టుకుని సరస్సు దాకా ఎక్కుతుంది, రాళ్ళ మీద కొండమేకల్ని చూస్తుంది, కాళ్ళు నొప్పులు పుట్టి దిగిపోతుంది.

అడవిలో తిండి వదలకూడదని ఆర్డిస్‌కు తెలియక కాదు. గుడారాలు వేసుకోవడానికి వచ్చే పట్నం వాళ్ళకు ఏటా ఆమే చెప్తుంది, తిండిని ఇనప్పెట్టెలో పెట్టి గడియ వేసుకోండి నాయనా, ఎలుగుబంటికి వాసన పట్టడం మీకంటే బాగా వచ్చు అని. కానీ ఆ ఉదయం ఆమె కళ్ళకు డెలోరిస్ తప్ప ఇంకే జంతువూ ఆనలేదు. ట్రక్కు వెనక నుంచి పాత సైకిలు దించి, మునుపు దుంగలు తోలిన పాడుబడ్డ బాట పట్టుకుని, గట్టు చుట్టూ తిరిగి తన చోటికి చేరుకుంది.

ఆ ఏడు కాపు చూడాలి. పొదలన్నీ నల్లూదా రంగు పళ్ళతో వంగిపోయి ఉన్నాయి. కింద లోయలో పైన్ చెట్ల మీద ఇంకా పొగమంచు ఉంది, పైన బట్టతల కొండ మీద కార్చిచ్చును కనిపెట్టే కాపలా గోపురం అద్దాలు ఎండకు మెరుస్తున్నాయి. వాలుకు అటు చివర ఒక నల్ల ఎలుగుబంటి కూర్చుని, కొమ్మల్ని చేతుల్తో దగ్గరికి లాక్కుని మూతితో దూస్తోంది. ఆర్డిస్ దాన్ని పలకరించింది. అది ఈమెను ఒకసారి చూసి మళ్ళీ పనిలో పడింది. నడుముకు కట్టుకున్న డబ్బా నిండగానే బకెట్టులో పోస్తూ, రాగం తీస్తూ, ఆర్డిస్ లోకాన్ని మర్చిపోయింది.

లోకం మాత్రం ఆమెను మర్చిపోలేదు. కొండకు అవతలి పక్క, నిరుటి పళ్ళ వాసన ఇంకో ఎలుగుబంటికి తగిలింది. అది దారి పొడుగునా చల్లినవి ఒక్కటీ వదలకుండా నాకేసి, బకెట్టు దగ్గరికొచ్చి, అడుగున అంటుకున్న రసం కోసం బకెట్టును నమిలి, తొక్కి, అప్పడం చేసింది. పోతూ పోతూ ఎర్రగుడ్డను కూడా లాగి రెండు ముక్కలు చేసి, నచ్చక ఉమ్మేసింది. ఆ తరువాత కాసేపటికి అటవీ శాఖ ఉద్యోగి నోలన్ అక్కడి మరుగుదొడ్డి చూసిపోదామని వచ్చాడు.

నోలన్ పోయిన వసంతంలోనే ఎక్కడో మైదానపు రాష్ట్రం నుంచి బదిలీ మీద వచ్చాడు. ఊళ్ళో అతన్ని కొత్తాయన అనేవాళ్ళు. మంచివాడే, ఒళ్ళు దాచుకోని మనిషే, కాకపోతే పటాల పిచ్చి. వచ్చీ రాగానే జలపాతాలన్నీ పటంలో గీసి పట్నం వాళ్ళకు పంచిపెట్టాడు, ఇప్పుడు ఆ జలపాతాల దగ్గర ఊరివాళ్ళకు కాలు పెట్టే చోటు లేదు. ఆ నోలన్ ట్రక్కును చూశాడు, చిరిగిన ఎర్రగుడ్డను చూశాడు, పంటిగాట్లు పడ్డ బకెట్టును చూశాడు. గుడ్డ మీద మరకలు కూడా చూశాడు. అవి హకిల్‌బెర్రీ మరకలు. అంత భయంలో అవి ఏ రంగువో ఎవరు చూడొచ్చారు? అతను ముఖం పాలిపోయి రేడియో అందుకున్నాడు.

ఆ తరువాత చిలికి చిలికి గాలివాన అయింది. షెరీఫ్ కింద పోలీసు పని చేసే వేడ్ సైరన్ వేసుకుని వచ్చాడు. చర్చిలో గంట కొట్టారు. ఇనుప సామాను కొట్టుకు తాళం పడింది. మెర్ల్ చేస్తున్న పని అలాగే వదిలి, ఒక కాలికి బూటు, ఒక కాలికి చెప్పు వేసుకుని వచ్చేశాడు. డెలోరిస్ ఏడుస్తూ వచ్చింది, ఏడుస్తూనే అందరికీ కాఫీ పోసింది.

నోలన్ ట్రక్కు బానెట్ మీద పటం పరిచి, ఆర్డిస్ ఎటు పోతానంది అని మెర్ల్‌ను అడిగాడు. బీవర్ వాగు అంది అన్నాడు మెర్ల్. అయితే అక్కడ ఉండదు అన్నారు అందరూ ఒక్క గొంతుతో. నోలన్‌కు అర్థం కాలేదు. సరే, ట్రక్కు ఇక్కడుంది కాబట్టి సరస్సు వైపు పోయి ఉంటుంది కదా అన్నాడు. ట్రక్కు ఇక్కడుందంటే ఇక్కడ అసలే ఉండదు అంది డెలోరిస్, ముక్కు తుడుచుకుంటూ. మరి ఎక్కడుంటుంది అని అడిగాడు నోలన్. జనమంతా చెట్లకేసి చూశారు. ఎవరి మనసులో వాళ్ళకు ఒక చోటు మెదిలింది.

విసిగిపోయిన నోలన్ పటాన్ని ముక్కలుగా గీశాడు. తలా ఒక రేడియో ఇచ్చి, తలా ఒక ముక్క పంచాడు. డెలోరిస్‌కు బీవర్ వాగు, వేడ్‌కు బండి దారి, పాస్టర్‌కు ఎల్క్ దుప్పులు తిరిగే పచ్చిక, మెర్ల్‌కు సరస్సు. మిగతా జనాన్ని కింద గుడారాల వైపు పంపాడు. ఇద్దరిద్దరు కలిసి వెళ్ళండి అంటే ఆ నలుగురూ వద్దన్నారు. మధ్యాహ్నం దాకా దొరక్కపోతే హెలికాప్టర్ తెప్పించి కొండ కొండంతా ఫొటోలు తీయిస్తానని చెప్పి, నోలన్ దుర్భిణి పట్టుకుని బట్టతల కొండ గోపురం మీదికి బయల్దేరాడు. హెలికాప్టర్, ఫొటోలు అన్న మాటలు వినగానే ఆ నలుగురి ముఖాల్లో ఎలుగుబంటి పేరు చెప్పినప్పుడు కూడా కనబడని భయం కనిపించింది.

కాలిన గట్టు మీద ఆర్డిస్‌కు ముందు సైరన్ వినిపించింది. పట్నం వాడెవడో కాలు బెణికించుకుని ఉంటాడనుకుంది. కాసేపటికి లోయ అడుగు నుంచి ఎవరో తన పేరు పెట్టి పిలుస్తున్నట్టు అనిపించింది. చెవి ఒగ్గి వింది. అవును, తన పేరే. ఒక గొంతు కాదు, ఊరి గొంతులన్నీ ఉన్నాయి. ఆర్డిస్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. డెలోరిస్ ఇంత పని చేస్తుందా, జాడ దొరక్కపోయేసరికి ఊరినంతా పోగుచేసి తన చోటు వెతికిస్తుందా అనుకుంది. పలికితే చోటు పోయినట్టే. ఆమె బకెట్టును ఒళ్ళోకి లాక్కుని దట్టమైన పొద కిందికి దూరి కుక్కిన పేనులా కూర్చుంది. ఈ గోల నచ్చని ఎలుగుబంటి మాత్రం లేచి, ఒళ్ళు దులుపుకుని, పైకి వెళ్ళిపోయింది.

ఇంతలో కింద నుంచి రొప్పుతూ డెలోరిస్ వచ్చింది. ఆర్డిస్ ఊపిరి బిగబట్టింది. డెలోరిస్ నాలుగువైపులా చూసి, ఎవరూ లేరని నిశ్చయించుకుని, చొక్కా లోపలి నుంచి ఒక సంచీ తీసింది. తెలిసిన ఇంట్లో తెలిసిన అల్మారా తెరిచినట్టు సూటిగా మంచి పొద దగ్గరికి పోయి పళ్ళు దూయడం మొదలుపెట్టింది. దూస్తూ ఏడుస్తోంది. "ఒక్కగానొక్క నేస్తానివే, నిన్ను ఎలుగుబంటి నోట పెట్టుకున్నానే" అంటోంది, దోసిలి నిండగానే సంచీలో పోస్తోంది, మళ్ళీ ఏడుస్తోంది. ఆర్డిస్‌కు అప్పుడు రెండు సంగతులు తెలిశాయి. తాను చచ్చిపోయిందని జనం అనుకుంటున్నారు. తన చోటు డెలోరిస్‌కు ఎప్పటి నుంచో తెలుసు. ఏ సంగతికి ముందు బాధపడాలో ఆమెకు తోచలేదు.

లేచి నిలబడదామనుకునే లోపు డెలోరిస్ నడుము దగ్గర రేడియో గరగరలాడింది. నోలన్ గొంతు, ఎక్కడున్నారు అని అడిగింది.

"బీవర్ వాగు దగ్గరున్నా నాయనా" అంది డెలోరిస్, నోట్లో పళ్ళు ఒక బుగ్గకు తోసుకుని. "ఇక్కడ ఎవరూ లేరు."

"వేడ్, మీరెక్కడ?"

"బండి దారి మీద" అన్న జవాబు రేడియోలోనూ వచ్చింది, పక్క పొద వెనక నుంచీ వచ్చింది. డెలోరిస్ గిర్రున తిరిగింది. పొద వెనక నుంచి వేడ్ టోపీ లేచింది. టోపీ నిండా పళ్ళున్నాయి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, తేలు కుట్టిన దొంగల్లా సంచీ ఒకరు, టోపీ ఒకరు వెనక్కి దాచుకున్నారు.

"పాస్టర్ గారూ, మీరు?"

ఈసారి జవాబు పైనున్న బండరాయి చాటు నుంచి వచ్చింది. "ప్రభువు నడిపించిన చోట ఉన్నాను" అన్నాడు ఓర్విల్. ఆయన జీవితంలో అబద్ధం ఆడలేదని ఊళ్ళో పేరుంది, ఆ పేరు అప్పటికీ చెడలేదు.

చివరికి నోలన్ మెర్ల్‌ను పిలిచాడు. జవాబు రాలేదు. మళ్ళీ పిలిచాడు. చెట్లలోంచి మెర్ల్ బయటికొచ్చాడు, ఒక కాలికి బూటు, ఒక కాలికి చెప్పు. రేడియో కట్టేసి జేబులో పెట్టుకున్నాడు. డెలోరిస్, వేడ్, పాస్టర్ అక్కడ ఉండటం చూసి కూడా చూడనట్టు, పొదల వైపు తిరిగి గొంతు పెంచకుండా మాట్లాడాడు.

"ఆర్డిస్, ఉంటే బయటికి రా. చోటు పోతే పోయింది. నువ్వు లేని ఇంట్లో జామ్ పెట్టుకుని నేనేం చేసుకోను?"

ఆ మాటకు ఆర్డిస్ గుండె కరిగిపోయింది. ఇన్నేళ్ళలో మెర్ల్ ఆమెతో ఒక్కసారిగా అంత మాట్లాడి ఎరగడు. తల్లికి వేసిన ఒట్టు గుర్తొచ్చింది, మనసులోనే తల్లికి దండం పెట్టుకుని, తల నిండా ఆకులతో పొద లోంచి లేచింది. డెలోరిస్ కెవ్వుమంది. మెర్ల్ వచ్చి ఆమె భుజాలు పట్టుకుని, చేతులు కాళ్ళు అన్నీ ఉన్నాయా లేదా అని చూసుకున్నాడు. తన మూలంగా ఇంత మంది ఇంత బెంగ పడ్డారని ఆర్డిస్ సిగ్గుతో చచ్చిపోయింది. కానీ ఆ సిగ్గు ఎక్కువసేపు నిలవలేదు.

"నేనిక్కడున్నానని నీకెలా తెలుసు?" అంది మెర్ల్‌తో.

"ఎన్నో ఏళ్ళుగా తెలుసు. ఇది మా నాన్న చూపించిన చోటు. పెళ్ళికి ముందు నుంచీ వస్తున్నా."

"మరి ఒక్కనాడూ చెప్పలేదే?"

"నువ్వు చెప్పావా?"

మీ నాన్న చూపించడమేంటి, ఇది మా పెద్దమ్మ చోటు అంది డెలోరిస్. వేడ్ తన మేనమామ పేరు చెప్పాడు. పాస్టర్ మాత్రం ఎవరి పేరూ చెప్పలేదు, ప్రసంగం తయారు చేసుకోవడానికి శనివారాలు ఇక్కడికి వస్తుంటానన్నాడు. ఆరా తీస్తే తేలిందేమంటే, ఒక్కొక్కరికి వారంలో ఒక్కో రోజు ఉంది. ఇన్నేళ్ళూ పళ్ళు తగ్గిపోవడం చూసి, ఈ ఎలుగుబంట్లు మరీ తెగించాయని అందరూ విడివిడిగా ఒకటే అనుకున్నారు. పాపం, ఎలుగుబంటి తిన్నది ఎంతని.

ఆర్డిస్ డెలోరిస్ వైపు తిరిగింది. "ఈ చోటు తెలిసినదానివి, నా వెనకాల కారేసుకుని ఎందుకొచ్చావే?"

"నీ పళ్ళు నావాటికన్నా పెద్దగా ఉంటే, ఇంకెక్కడో మంచి చోటుందనుకున్నా" అంది డెలోరిస్. "సోమవారం నేను హడావిడిలో పైపైన చిన్నవి ఏరిపోతే మంగళవారానికి నీకు అడుగున పెద్దవి మిగులుతున్నాయని నాకేం తెలుసు?"

వేడ్ గొంతు సవరించుకున్నాడు. ఇప్పుడు నోలన్‌కు ఏం చెప్తామన్నది అసలు సంగతి అన్నాడు. ఈ చోట దొరికిందని చెప్తే అతను వచ్చి చూస్తాడు, చూస్తే పటం గీస్తాడు, గీస్తే వచ్చే ఆగస్టుకు పట్నం వాళ్ళు కుక్కల్ని, కుర్చీల్ని వేసుకుని దిగిపోతారు. జలపాతాల గతే దీనికీ పడుతుంది. ఐదుగురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఇంతసేపూ నాది నాదని కొట్టుకున్నవాళ్ళు ఆ క్షణాన ఒక్కటయ్యారు. ఆర్డిస్ మేకల సరస్సు దగ్గర చెట్టు కింద నిద్రపోయింది, ఎలుగుబంటిని చూడనే లేదు, మెర్ల్ వెళ్ళి లేపాడు. అంతే మాట.

ఇక మిగిలింది పళ్ళు. సరస్సు దగ్గర హకిల్‌బెర్రీ పొద ఒక్కటీ లేదు. నిండు బకెట్టుతో దిగితే చిన్నపిల్లవాడు కూడా పట్టేస్తాడు. పారబోయడానికి ఎవరికీ మనసొప్పలేదు. మళ్ళీ రేపు వచ్చి కావలసినన్ని ఏరుకోవచ్చులెమ్మని సర్ది చెప్పుకున్నారు. పాస్టర్ చిన్న ప్రార్థన చేశాడు, అందరూ బకెట్టు చుట్టూ కూర్చుని, సంచీలోవి, టోపీలోవి కూడా అందులోనే పోసుకుని, సాక్ష్యం మొత్తం తినేశారు. అంత మంచి పళ్ళు అంత ప్రశాంతంగా, నలుగురితో కలిసి తినడం ఆర్డిస్‌కు అదే మొదలు. మెర్ల్ మంచివన్నీ ఏరి ఆమె వైపు నెట్టడం ఆమె గమనించింది.

సరస్సు బాట దగ్గరికి వాళ్ళు దిగేసరికి నోలన్ గోపురం నుంచి వచ్చి కాచుకుని ఉన్నాడు. ఆర్డిస్‌ను చూసి అతని కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. ఎక్కడ దొరికారు అని అడిగితే, సరస్సు దగ్గర అని ఐదుగురూ చర్చిలో పాటలా ఒకేసారి అన్నారు. పాస్టర్ కూడా పెదవులు కదిపాడు, శబ్దం వచ్చిందో లేదో దేవుడికే తెలియాలి. నోలన్ ఒక్కొక్కరి మూతి వంక చూశాడు. పెదవులు, పళ్ళు, వేళ్ళు, పాస్టర్ గారి తెల్లగడ్డం, అన్నీ ఊదా రంగులో ఉన్నాయి. మీరు క్షేమంగా ఉన్నారు, అదే చాలమ్మా అని ఆర్డిస్ చెయ్యి పట్టుకుని, పటం మడిచి, వెళ్ళిపోయాడు. ఎంత అమాయకుడో పాపం అనుకుంది ఆర్డిస్. అలాంటివాణ్ణి మోసం చేసినందుకు ఆ పూట ఆమెకు అన్నం సయించలేదు.

మర్నాడు ఉదయం ఆర్డిస్, మెర్ల్ పెళ్ళయ్యాక మొదటిసారి కలిసి పళ్ళకు బయల్దేరారు. దుంగల బాట మొదట్లోనే ఆగిపోవలసి వచ్చింది. అక్కడ డెలోరిస్ తెల్లకారు, వేడ్ బండి, పాస్టర్ గారి వ్యాను వరసగా ఆగి ఉన్నాయి. బాటకు అడ్డంగా గొలుసు, గొలుసుకు కొత్త బోర్డు. కాలిన గట్టు మీద ఎలుగుబంటి తిరుగుతున్నందున తదుపరి ఉత్తర్వు దాకా ఎవరూ లోపలికి పోరాదని రాసి ఉంది. బోర్డుకు మేకు కొడుతున్నది నోలనే.

వేడ్ కొంచెం అధికారం ఒలకబోస్తూ, ఎలుగుబంటి గొడవ జరిగింది సరస్సు దగ్గరైతే బోర్డు ఇక్కడ పెట్టడమేంటి అని నిలదీశాడు. నోలన్ సుత్తి దించి, చాలా వినయంగా జవాబిచ్చాడు.

"సరస్సు దగ్గర కూడా పెట్టానండీ. నిన్న నేను గోపురం మీద నుంచి దుర్భిణిలో చూస్తే ఈ గట్టు మీద ఒక ఎలుగుబంటి కనిపించింది. ఇంకా ఏవేవో కదులుతూ కనిపించాయి గానీ, అవి మనుషులై ఉండరు. మీరంతా ఎవరి చోట్లో వాళ్ళున్నామని రేడియోలో చెప్పారు కదా?"

ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి. ఏమన్నా అంటే అబద్ధం ఒప్పుకోవాలి, ఒప్పుకుంటే చోటు పటానికెక్కుతుంది. ఐదుగురూ వాతావరణం గురించి నాలుగు మాటలు మాట్లాడి, బళ్ళు వెనక్కి తిప్పుకున్నారు. తల్లి ఇచ్చిన చోటుకు గొలుసు పడటం చూసి దారంతా ఆర్డిస్‌కు దుఃఖం ముంచుకొచ్చింది. మెర్ల్ ఒక చేత్తో బండి తోలుతూ, రెండో చేత్తో ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

శనివారం తిరునాళ్ళు జరిగాయి. ఆ ఏటి పళ్ళతో చేసిన జామే పోటీకి పెట్టాలని నియమం. ఆర్డిస్ ఆపిల్ జామ్ పట్టుకొచ్చి బల్ల చివర పెట్టింది, డెలోరిస్ బజారులో కొన్న పీచ్ పళ్ళతో ఏదో అయిందనిపించింది. ఎలుగుబంటి భయానికి ఆ వారం ఊళ్ళో ఇంకెవరూ కొండెక్కలేదు, అందుకని హకిల్‌బెర్రీ పోటీలో నిఖార్సైన హకిల్‌బెర్రీ సీసా ఒక్కటే నిలిచింది. దాని మూతకు గళ్ళ గుడ్డ కట్టి ఉంది. నీలి రిబ్బను దానికే కట్టారు. సీసా తెచ్చింది నోలన్.

రుచి చూడమని అతను చెంచా అందిస్తే ఆర్డిస్ నాలుక మీద వేసుకుంది. కళ్ళు మూసుకుంది. చిన్నప్పటి నుంచి తిన్న పండును నాలుక మర్చిపోతుందా? ఆ పులుపు, ఆ ఎండ, అమ్మ తిట్లు, అన్నీ అందులో ఉన్నాయి. పంచదార మాత్రం కొంచెం ఎక్కువైంది. ఆమె కళ్ళు తెరిచి అతని ముఖంలోకి చూసింది. చుట్టూ డెలోరిస్, వేడ్, మెర్ల్, పాస్టర్ వచ్చి నిలబడ్డారు.

"ఎక్కడ ఏరావు బాబూ ఈ పళ్ళు?" అని అడిగింది ఆర్డిస్.

నోలన్ చెంచా తుడుచుకుని, ఆమె కళ్ళలోకి సూటిగా చూస్తూ, "బీవర్ వాగు దగ్గర" అన్నాడు.

మెర్ల్ వెళ్ళి తన కుర్చీ కొంచెం జరిపి, పక్కన ఇంకో కుర్చీకి చోటు చేశాడు. డెలోరిస్ కాఫీ పోసి తెచ్చింది. వచ్చే ఏడు పంచదార తగ్గించుకో అని ఆర్డిస్ చెప్పింది.

అప్పటిదాకా కొత్తాయన అంటూ వచ్చిన ఊరు, ఆ సాయంత్రం నుంచి అతన్ని పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది.